సేటూ, డీజిల్ నేను అమ్ముకోలేదు

ఓరుగల్లు, హనుమకొండ, కరీంనగర్ చుట్టుపక్కల డీసీఎం వ్యాన్లు, లారీలు, ట్రావెల్స్ బండ్లు, స్కూల్ బస్సులు పెట్టుకొని మాలాంటి వాళ్లకు పని ఇస్తున్న ఓనర్లందరికీ నమస్తే. బండి నడుస్తుండగా మీరు చేసే ఫోన్లు మీ డీజిల్‌నే ఎట్లా తాగుతాయో చెబుదామని ఈ ఉత్తరం.

నేను ఎనుమాముల మార్కెట్ అడ్డా మీద డీసీఎం డ్రైవర్ని. క్లీనరుగా ఎక్కిన రోజు నుంచి లెక్కేస్తే ఇరవై నాలుగేళ్లయింది. పేరు రాయలేదు. రాస్తే రేపు లోడు దొరకదన్న భయం కొంత. ఇప్పుడు నేను పనిచేస్తున్న సేటును నలుగురిలో పెట్టడం ఇష్టం లేకపోవడం ఇంకొంత. ఆయన చెడ్డ మనిషి కాడు. మా పెద్దబిడ్డ కాలేజీ ఫీజు కట్టే రోజు అడగకుండానే అడ్వాన్సు చేతిలో పెట్టాడు. అందుకేనేమో, మొన్న లెక్క చూసేటప్పుడు ఆయన అన్న మాట ఇంకా గొంతులో ముల్లులా ఉంది.

హైదరాబాద్ మలక్‌పేటకు మిర్చి బస్తాలు వేసుకొని పోయి, వచ్చేటప్పుడు కిరాణా సరుకు తెచ్చిన ట్రిప్పు అది. పోనూ రానూ 300 కిలోమీటర్లు. తిరిగొచ్చి ట్యాంకు ఫుల్ చేయిస్తే 43 లీటర్లు పట్టింది. సేటు కాలిక్యులేటర్ నొక్కి, "లీటరుకు ఏడు కిలోమీటర్లే వచ్చింది. ఈ బండికి ఎనిమిది రావాలె. ఐదు లీటర్లు ఏడ పోయినయ్?" అన్నాడు. పక్కన కూర్చున్న గుమాస్తా చటుక్కున తల దించుకొని రసీదులు సర్దుకున్నాడు.

ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో మన లైన్లో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. దాబా వెనక పైపు పెట్టి డీజిల్ తీసి అమ్ముకున్నావా అని. అమ్ముకునేవాళ్లు అసలే లేరని నేను ప్రమాణం చేయను. ఉన్నారు. వాళ్ల వల్ల మిగతావాళ్లం ఈ మాట పడుతున్నాం. ఆ రోజు నేనేమీ అనలేదు. ఐదు లీటర్ల పైసలు బత్తాలో కోసుకున్నారు. లీటరు వందకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో అది ఎంతో మీకూ తెలుసు.

ఇంటికొచ్చినా నిద్ర పట్టలేదు. డీజిల్ నేను తీయలేదు. ట్యాంకు కారడం లేదు, టైర్లలో గాలి ఉంది, ఎయిర్ ఫిల్టర్ నెల కిందనే మార్చాం. మరి ఎటు పోయింది? మంచం మీద కూర్చొని ఆ రోజు ఎక్కడెక్కడ ఏం జరిగిందో ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటుంటే, ఎందుకో ఫోన్ తీసి ఆ తారీఖు కాల్స్ చూశాను. బండి కదులుతుండగా నేను ఎత్తినవి పందొమ్మిది. అందులో పదకొండు మా సేటువి. నాలుగు సరుకు దింపుకునే అడ్తిదారువి. రెండు బ్రోకరువి. ఒకటి మా ఇంటి నుంచి. ఇంకొకటి, లోన్ కావాలా సార్ అని అడిగిన ఎవరో అమ్మాయిది.

పదకొండు కాల్స్‌లో సేటు అడిగింది ఒకటే ముక్క. "ఏడ ఉన్నవ్?"

రఘునాథపల్లి దాటాక ఏడో ఎనిమిదో కాల్. బండి 60 మీద పోతోంది. ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకొని "ఇగో సేటు, జనగామ వస్తున్న" అంటున్నాను. డివైడర్ సందులోంచి ఒక ట్రాక్టర్, వెనక ట్రాలీ, రోడ్డుకు అడ్డంగా వస్తోంది. నా కంటికి అది కనిపించలేదని అనలేను. కనిపించింది. మెదడుకు చేరలేదు. చేరేసరికి రెండు కాళ్లూ బ్రేకు, క్లచ్ మీద నిలబడ్డాయి. టైర్లు కీచుమన్నాయి. వెనక బస్తాలు ముందుకు జరిగి క్యాబిన్‌ను తన్నాయి. ట్రాలీకి మూరెడు దూరంలో ఆగాను. ట్రాక్టర్ మీది ముసలాయన నా దిక్కు చూసి ఒక దండం పెట్టి పోయాడు. ఆ దండం తిట్టు కన్నా ఎక్కువ.

మామూలుగా అయితే ఆ ట్రాక్టర్‌ను నేను పావు కిలోమీటరు దూరం నుంచే పసిగడతాను. రేసు (యాక్సిలరేటర్) మీది నుంచి కాలు తీస్తాను, అంతే. బండి గేరులోనే ఉండి తనంతట తాను నలభైకి వస్తుంది, ట్రాలీ దాటిపోతుంది, మళ్లీ మెల్లగా అందుకుంటాను. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండగా రేసు పూర్తిగా వదిలేస్తే డీజిల్ సప్లై తాత్కాలికంగా బంద్ అవుతుంది. అంటే ఆ రెండు వందల మీటర్లు బండి ఊరికే నడిచినట్టు. మా పాతవాళ్లు చాలామంది ఇప్పటికీ న్యూట్రల్ చేస్తే మిగులుతుందని అనుకుంటారు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది, పైగా బండి పట్టు కూడా పోతుంది.

బ్రేకు తొక్కి ఆపితే ఎంత నష్టమో నాకు లెక్క రాదు. మా పెద్దబిడ్డ ఇంటర్ ఎంపీసీ. దాన్ని అడిగితే పుస్తకం తీయకుండానే చేసి చూపించింది. బండి, సరుకు కలిపి 10 టన్నులు, వేగం 60. ఆ వేగానికి రావడానికి బండిలో చేరిన శక్తి దాదాపు పద్నాలుగు లక్షల జౌళ్లట. బ్రేకు తొక్కితే అదంతా డ్రమ్ముల్లో వేడిగా పోతుంది. మళ్లీ 60కి రావాలంటే ఇంజిన్ కొత్తగా ఇవ్వాలి. లీటరు డీజిల్‌లో సుమారు 360 లక్షల జౌళ్లు ఉంటే, చక్రాల దాకా వచ్చేది అందులో మూడో వంతు. అన్నీ కలిపి గీస్తే ఒక్కసారి ఆపి మళ్లీ అందుకోవడానికి నూరు మిల్లీలీటర్ల పైన. "నాయినా, నువ్వు తాగే టీ గ్లాసు నిండా డీజిల్" అంది.

ఇంకొక మాట కూడా చెప్పింది, అది విని నేను నమ్మలేదు. 60 నుంచి 30కి తగ్గితే సగం పోయిందని మనం అనుకుంటాం. పోయేది ముప్పావు వంతు. వేగం సగమైతే శక్తి పావు అవుతుందట. అంటే మొత్తం ఆగకపోయినా, ఫోన్ మాట్లాడుతూ స్పీడ్ బ్రేకర్ చూడక చివరి నిమిషంలో తొక్కిన ప్రతి బ్రేకూ ముప్పావు గ్లాసు.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. టీ గ్లాసులతో ఐదు లీటర్లు కావాలంటే యాభై సార్లు తొక్కాలి కదా అని. నిజమే. ఐదు లీటర్లూ ఫోనే తాగిందని నేను అనను. ఆ రోజు ఎదురుగాలి కూడా ఉంది, అన్‌లోడ్ దగ్గర గంటసేపు వరుసలో ముందుకూ వెనక్కీ జరిపాను. కానీ బ్రేకు ఒక్కటే కాదు, ఫోన్ తెచ్చిపెట్టే దొంగఖర్చులు ఇంకా ఉన్నాయి. అవి మీరు ఆఫీసులో కూర్చుంటే కనిపించవు.

గేరు సంగతి చూడండి. ఒక చేతిలో ఫోన్ ఉన్నప్పుడు గేరు మార్చాలంటే స్టీరింగ్ వదలాలి. అందుకని ఎవడూ మార్చడు. ఊరు దాటి రోడ్డు ఖాళీ అయినా మూడో గేరులోనే అరిపించుకుంటూ పోతాడు, లేకపోతే ఎక్కుడు మీద టాప్‌లోనే ఈడ్చి ఇంజిన్‌తో దగ్గించి నిండా రేసు ఇస్తాడు. రెండూ డీజిల్ దండగే. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కి పెట్టుకుంటే చేతులు ఖాళీ అవుతాయని కొందరు కుర్రాళ్లు అంటారు. మెడ వంకర పెట్టుకుంటే ఎడమ అద్దం ఎట్లా కనిపిస్తుందో వాళ్లే చెప్పాలి.

తర్వాత, మాట్లాడుతూ మాట్లాడుతూ తెలియకుండానే బండి నలభై ఐదుకు పడిపోతుంది. మెల్లగా పోతే మంచిదే కదా అనిపిస్తుంది. కాల్ అయిపోగానే లేటైందని గుర్తొస్తుంది. అడ్తిదారు షాపు మూసేస్తానని బెదిరించాడు కదా. ఇక కాలు అడుగుదాకా. 80. డీసీఎంకు ముందు భాగం గోడలా ఉంటుంది, పైన టార్పాలిన్ ఉబ్బి ఉంటుంది. 60 మీద గాలి ఎంత తోస్తుందో 80 మీద దానికి ముప్పావు వంతు పైగా ఎక్కువ తోస్తుంది. పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అని కేంద్రం వాళ్ల సంస్థ ఒకటి 1978 నుంచి ఉంది. ఇంధనం పొదుపు మీద వాళ్లు ఎప్పటి నుంచో చెప్పే మాట, గంటకు 45 నుంచి 55 మధ్య ఒకే తీరుగా నడపమని. ఒకే తీరుగా అన్నదే అందులో అసలు ముక్క. ఫోన్ చేతిలో ఉన్నవాడి బండి నలభై, ఎనభై, నలభై, ఎనభై. ఊయల ఊగినట్టు.

మా మేనమామ ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైర్ అయ్యాడు. కేఎంపీఎల్ అనే మాట నేను మొదట విన్నది ఆయన నోటి నుంచే. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో డిపోలో డ్రైవరు వారీగా లెక్క ఉంటుంది, బాగా తెచ్చినవాళ్లను పిలిచి సన్మానం చేస్తారు. నాకు బండి నేర్పేటప్పుడు ఆయన ఒక విచిత్రమైన పని చేయించేవాడు. ముందర కనిపించేదంతా పైకి చెప్పుకుంటూ నడపాలి. "గొర్ల మంద, కుడి దిక్కు. బడి పోరలు, ఎడమ దిక్కు. మూడో బండికి బ్రేకు లైటు పడ్డది. కల్వర్టు." చెప్పడం ఆపితే నెత్తి మీద మొట్టికాయ. అప్పుడు నాకు చిరాకు. ఇప్పుడు అర్థమవుతోంది. నోరు ఆ పని చేస్తుంటే కన్ను దూరంలో ఉంటుంది, కన్ను దూరంలో ఉంటే కాలు ముందే లేస్తుంది. అదే నోటితో "కాంటా అయింది సేటు, రసీదు నా దగ్గరే ఉంది" అని చెబుతూ, గొర్ల మంద అని ఎట్లా చెప్పాలి?

మన దిక్కు రోడ్ల మీద ఈ దూరం చూపు మరీ అవసరం. హైదరాబాద్ రోడ్డు నాలుగు లైన్లు కాబట్టి కొంత నయం. కోతలప్పుడు పరకాల దిక్కో, హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలోకో పోయి చూడండి. సగం రోడ్డు వడ్లు. వాటి చుట్టూ రాళ్లు, రాత్రి అయితే ఆ రాళ్లు కనబడవు. మిగిలిన సగంలో ఎదురుగా హార్వెస్టర్. పత్తి టైంలో లారీ వెడల్పుకు రెండింతలు ఉబ్బిన పత్తి ట్రాక్టర్లు. ప్రతి ఊరికీ రెండు స్పీడ్ బ్రేకర్లు, సున్నం గీత కూడా ఉండదు. బర్రెల సంగతి చెప్పేదే లేదు, అవి రోడ్డు తమదే అనుకుంటాయి, నిజానికి తమదే. ఇవన్నీ దూరం నుంచి చూసి కాలు లేపుతూ, ఆనిస్తూ పోయేవాడికి ఒక మైలేజీ వస్తుంది. దగ్గరికొచ్చాక ఉలిక్కిపడేవాడికి ఇంకొకటి వస్తుంది. బండి అదే, డీజిల్ అదే.

అమెరికాలో వర్జీనియా టెక్ అనే యూనివర్సిటీ వాళ్లు లారీ డ్రైవర్ల క్యాబిన్లలో కెమెరాలు పెట్టి చూసి 2009లో లెక్కలు బయటపెట్టారు. మెసేజ్ చూసే, కొట్టే డ్రైవరు 6 సెకన్లలో 4.6 సెకన్లు రోడ్డు చూడటం లేదని తేలింది. మన బండి 60 మీద ఉంటే అంతసేపట్లో దాదాపు 77 మీటర్లు పోతుంది. ఇది మా బిడ్డ నెట్‌లో వెతికి చదివి వినిపించింది. విని నేను ఎనుమాముల గేటు దగ్గర 77 మీటర్లు అడుగులేసి కొలిచాను. కాంటా దగ్గర మొదలుపెడితే టీ కొట్టు దాటి పోయాను. అంత దూరం కళ్లు మూసుకొని నడుపుతావా అంటే ఏ డ్రైవరూ ఒప్పుకోడు. వాట్సాప్‌లో రసీదు ఫొటో పెట్టు అంటే మాత్రం పెడతాడు.

"చేతిలో ఎందుకు పట్టుకుంటవ్, బ్లూటూత్ కొనిస్త" అని ఒక ఓనరు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కొనిస్తే చేతులు ఖాళీ అవుతాయి, గేరు మారుతుంది, అంతవరకు లాభమే. మనసు ఖాళీ కాదు. నా పక్కన క్లీనరు కూర్చొని ముచ్చట పెడుతుంటే, ముందర ట్రాక్టర్ వచ్చిందంటే వాడే నోరు మూస్తాడు, "అన్నా, ట్రాక్టర్" అంటాడు. ఫోన్లో ఉన్న మనిషికి ట్రాక్టర్ కనబడదు. ఆయన తన లెక్క తాను అడుగుతూనే ఉంటాడు. పైగా మీతో మాట్లాడేది పిచ్చాపాటీ కాదు కదా. "ఎందుకు లేటు, ఎవని కోసం ఆగినవ్, లోడు తడిసిందా" అని సంజాయిషీ అడుగుతుంటే జవాబులు వెతుక్కోవడంతోనే సరిపోతుంది. చెవిలో మిషన్ ఉన్నా, చేతిలో ఫోన్ ఉన్నా టెన్షన్ ఒకటే.

మరి ఎత్తకుండా ఉండొచ్చు కదా అంటారు. ఎత్తకపోతే ఏమవుతుందో మీకు తెలియదా? రెండోసారి చేస్తారు. మూడోసారి క్లీనరుకు చేస్తారు. నాలుగోసారి ఎత్తగానే, "ఫోన్ లేపుతలేవేంది, తాగి పన్నవా?" ఆ మాట పడటం కన్నా బ్రేకు తొక్కడమే నయమని ఎత్తేస్తాం.

నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మా బండికి జీపీఎస్ ఉంది. సేటు ఫోన్లో మ్యాప్ మీద నా బండి చీమలా పాకుతూ కనిపిస్తుంది. కొమల్ల టోల్ దాటగానే ఫాస్టాగ్‌లో పైసలు కట్ అయిన మెసేజ్ ఆయన ఫోనుకే పోతుంది, గూడూరు టోల్ దాటినా అంతే. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయింది కాబట్టి ఇప్పుడు ఏ ఓనరుకైనా బండి ఏ టోల్ ఎన్ని గంటలకు దాటిందో నిమిషంతో సహా తెలుస్తుంది. అన్నీ చూసుకొని, మళ్లీ నాకు ఫోన్ చేసి, "ఏడ ఉన్నవ్?" నేను నిజం చెబుతున్నానో లేదో చూడటానికి అనుకుంటా.

మా తప్పు లేదని రాస్తే ఇది అబద్ధాల ఉత్తరం అవుతుంది. స్టాండుకు ఫోన్ బిగించి రీల్స్ చూస్తూ నడిపే కుర్రాళ్లు మా అడ్డా మీదే ఉన్నారు. డ్రైవర్ల గ్రూపులో పొద్దున గుడ్ మార్నింగ్‌తో మొదలై రాత్రి దాకా వీడియోలే. టుంగు మని చప్పుడైతే చెయ్యి దానంతట అదే పోతుంది, నాది కూడా. దాబా దగ్గర ఏసీ క్యాబిన్‌లో ఇంజిన్ ఆన్‌లో పెట్టుకొని గంటసేపు వీడియో చూసి, తర్వాత మైలేజీ రాలేదంటే బండిని తిట్టేవాళ్లున్నారు. నిలబడ్డ బండి కూడా గంటకు లీటరు దాకా ఊదేస్తుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఆ డీజిల్ డ్రైవరు దగ్గర కోసుకుంటే నేను అడ్డం రాను. చట్టం కూడా మా వైపు లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, చేత్తో ఫోన్ పట్టుకొని నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే పెట్టింది. 2020 అక్టోబరు నుంచి వచ్చిన రూల్లో దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడుకోమన్నారు. చలానా ఇంటికి వచ్చేది బండి పేరు మీద, అంటే మీ పేరు మీద. కట్టేది మా జీతంలోంచి. ఫోన్ చేసినవాళ్ల పేరు మాత్రం ఆ చలానాలో ఎక్కడా ఉండదు.

మన ఆర్టీసీ 2025 సెప్టెంబరులో కొన్ని డిపోల్లో ఒక పద్ధతిని ప్రయోగంగా మొదలుపెట్టింది. డ్రైవరు డ్యూటీ ఎక్కేముందు ఫోన్ డిపోలోనే ఇచ్చి పోవాలి. ఆర్టీసీకి కండక్టరు ఉంటాడు, డిపో ఉంటుంది, టైముకు బస్సు రాకపోతే చూసుకునే మనుషులుంటారు. లోడు బండికి అది కుదరదని నాకు తెలుసు. దారిలో టైరు పగిలితే, పోలీసు ఆపితే ఫోన్ ఉండాలి. ఫోన్ తీసేసుకోండని నేను అడగడం లేదు.

మధ్యలో మూడేళ్లు ఒక స్కూల్ బస్సు నడిపాను. హసన్‌పర్తి దిక్కు ఊళ్లు. పొద్దున ఏడు నుంచి ఎనిమిదింబావు దాకా తల్లుల ఫోన్లే. "బస్సు యాడికొచ్చింది అన్నా, మావోడు ఇంకా బూట్లేసుకుంటుండు." వెనక నలభై మంది పిల్లలు, ముందర నేను ఫోన్లో. ఒకసారి ఒక తల్లితో మాట్లాడుతూ ఇంకో తల్లి పిల్లాణ్ని ఎక్కించుకోకుండానే పోయాను. తిరిగి రెండు కిలోమీటర్లు వెనక్కి. తర్వాత కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి మేడం ఒక్క పని చేసింది. నా నంబరు అన్ని కార్డుల మీది నుంచి కొట్టేయించి, బస్సులో ఉండే ఆయమ్మ నంబరు వేయించింది. అంతే. పైసా ఖర్చు లేదు. నాకు రోడ్డు మళ్లీ కనిపించడం మొదలైంది.

ఇంకో సరదా సంగతి. ఏటూరునాగారం దిక్కు లోడు పడినప్పుడు మైలేజీ ఎప్పుడూ బాగుంటుంది. పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి పోయాక ఫోన్‌కు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. దారి ఖాళీగా ఉండటం కూడా ఒక కారణమే అనుకోండి. అయినా మా క్లీనరు అంటుంటాడు, "అన్నా, సేటుకు సిగ్నల్ లేని దగ్గర మన బండికి నెమ్మది" అని. ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి ముందు మన బండ్లన్నీ ఎట్లాగూ ఆగుతాయి. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టుకొని, అక్కడే సేటుకు ఫోన్ చేస్తాను. "గట్టమ్మ దగ్గరున్న." ఆయనకూ తృప్తి. అదే పద్ధతి అన్ని రోడ్ల మీదా ఎందుకు పెట్టుకోకూడదు?

నేను అడిగేది ఇదే. లోడు ఎత్తేటప్పుడే ఆగే చోట్లు మాట్లాడుకుందాం. హైదరాబాద్ రోడ్డు అయితే జనగామలో ఒకసారి, బీబీనగర్ దాటాక ఒకసారి, సరుకు దించాక ఒకసారి. కరీంనగర్ అయితే హుజూరాబాద్ ఒక్కటి చాలు. ఆ చోట్లలో బండి పక్కకు పెట్టి, ఇంజిన్ బంద్ చేసి నేనే ఫోన్ చేస్తాను. చేయకపోతే అప్పుడు తిట్టండి. మధ్యలో నిజంగా తొందర పనిబడితే రెండు మిస్డ్ కాల్స్ ఇవ్వండి. ముందర వచ్చే బంకులో ఆగి చేస్తాను. మా చిన్నప్పుడు మిస్డ్ కాల్‌తోనే సగం సంసారాలు నడిచాయి, మనకు కొత్త కాదు. సరుకు దింపుకునే అడ్తిదారుకు నా నంబరు ఇవ్వకండి, ఆఫీసు నంబరు ఇవ్వండి. ఆయనకు బండి ఎక్కడుందో గుమాస్తా మ్యాప్ చూసి చెప్పగలడు.

మైలేజీ లెక్క కూడా వద్దనను. చూడండి, చూడాల్సిందే. కాకపోతే లోడు బండికీ ఖాళీ బండికీ ఒకే ఎనిమిది పెట్టకండి. మలక్‌పేటలో వరుసలో నిలబడ్డ గంటను రాసుకోండి. ఒక్క ట్రిప్పు పట్టుకొని దొంగ అనే ముందు నెల మొత్తం చూడండి. ఆ లెక్క పక్కనే ఇంకో గడి గీయించండి, ఆ ట్రిప్పులో ఆఫీసు నుంచి డ్రైవరుకు ఎన్ని కాల్స్ పోయాయో. రెండు గడులూ పక్కపక్కన పెట్టి రెండు నెలలు చూస్తే ఏది ఎంతో మీకే తెలుస్తుంది. తప్పు నాదని తేలితే బత్తాలో కోసుకోండి. ఎనిమిది దాటి తెచ్చిన నెల మాత్రం అందులో కొంత నా చేతిలో పెట్టండి. ఆర్టీసీ వాళ్లలాగా శాలువా అక్కర్లేదు.

మా ఇంట్లో ఈ పద్ధతి ఇప్పటికే పెట్టాను. మా ఆవిడ "తిన్నవా?" అని మెసేజ్ పెట్టి ఊరుకుంటుంది, నేను తిన్నాక ఫోన్ చేస్తాను. మొదటి వారం అలిగింది. ఇప్పుడు అలవాటైంది.

మా సేటు ఇది చదువుతాడో లేదో. చదివితే గుర్తుపడతాడు, ఏడు, ఎనిమిది, ఐదు లీటర్లు అన్నాక గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాడు. సేటూ, రేపు పొద్దున ఐదింటికి కోల్డ్ స్టోరేజీ నుంచి కరీంనగర్ లోడు ఉంది. ట్యాంకు మీ ముందే ఫుల్ చేయిస్తాను, రీడింగ్ గుమాస్తాతో రాయిద్దాం. ఎల్కతుర్తి దాటేదాకా ఫోన్ సీటు వెనక సంచిలో ఉంటుంది, ఆ తర్వాత కూడా అక్కడే. ఆరున్నర, ఏడు మధ్య హుజూరాబాద్‌లో టీ తాగేటప్పుడు తీస్తాను. మొదటి ఫోన్ మీకే.

ఇట్లు,
ఎనుమాముల అడ్డా మీది ఒక డీసీఎం డ్రైవరు